ఆలస్యంగా అందిన మాత్ర

నా కూతురి మెడలో తాళి పడిన గంట తర్వాత మా అన్న పెళ్లికి వచ్చాడు. వదిన అసలు రాలేదు. ఈ రెండింటికీ నేను నాలుగేళ్లు కోపం పెట్టుకున్నాను. ఆ నాలుగేళ్లలో రెండో ఏడే అన్న పోయాడు.

మా అమ్మ నా తొమ్మిదో ఏట చనిపోయింది. మరుసటి సంవత్సరమే అన్నకు పెళ్లి చేశారు. అప్పటికి వదినకు పద్దెనిమిదేళ్లు. కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే నా తలలో పేలు చూసి, వేపనూనె పట్టించి, రెండు జడలు వేసి బడికి పంపింది. నేను టీచరు ట్రైనింగు చదివినా, కడపలో ఉద్యోగం తెచ్చుకున్నా, నా పెళ్లిలో కన్నీళ్లు పెట్టుకొని సాగనంపేవాళ్లు ఉన్నా అంతా వదిన వల్లే. అన్న మంచివాడే కానీ మాట తక్కువ మనిషి. బేతంచెర్లలో నేలబండలు పాలిష్ చేసే చిన్న ఫ్యాక్టరీ పెట్టుకొని, పొద్దున లేస్తే రాళ్ల దుమ్ములో, కటింగ్ మిషను చప్పుడులో బతికాడు. నాకు పుట్టిల్లంటే వదినే.

అందుకే ఆమె రాకపోవడం నాకు అంత తగిలింది.

నిజానికి అంతకు ముందు ఐదారేళ్ల నుంచే ఆమె ఎక్కడికీ రావడం మానేసింది. మా ఇంటి గృహప్రవేశానికి రాలేదు. మా ఆయనకు ఆపరేషన్ అయితే చూడడానికి రాలేదు. ఫోన్లో మాత్రం గంట సేపు మాట్లాడేది. "వస్తాలే పాపా, ఈసారి వస్తాలే" అనేది. ఫ్యాక్టరీ కాస్త నిలదొక్కుకుంది కదా, మనుషులు తేలిగ్గా కనిపిస్తున్నారేమో అని నేను మా ఆయనతో అనేదాన్ని. ఆయన మాత్రం, "ఆమె అట్లాంటి మనిషి కాదు" అనేవాడు.

పెళ్లినాడు పెళ్లికూతుర్ని పీటల మీదికి తీసుకురావలసింది మేనమామ. పురోహితుడు మూడుసార్లు కేక వేశాడు. అన్న లేడు. ఫోను చేస్తే బస్సులో ఉన్నానన్నాడు. ముహూర్తం దాటిపోతుందని మా ఆయన చిన్నాన్న కొడుకు పిల్ల చెయ్యి పట్టుకొని తీసుకొచ్చాడు. అక్షింతలు పడ్డాయి, భోజనాలు మొదలయ్యాయి. అప్పుడు వచ్చాడు అన్న, చంకలో చీర సంచితో, నలిగిన చొక్కాతో.

నేను మంటపం పక్కనే నిలబడి, పదిమంది వింటుండగా అడిగాను. "ఇదేనా అన్నా వచ్చే టైము? యాడుండాది వదిన?"

"ఒంట్లో బాగలేదమ్మీ. బస్సు లేటయిపాయ."

"మొన్న ఫోన్లో బాగానే మాట్లాడె గదా. ఈ పెండ్లి ఆమెకు లెక్కలేదని చెప్పు, సరిపోతాది. కట్టుకున్నదాన్ని పిల్చుకోని రాలేనోడివి నువ్వు మాత్రం ఎందుకొచ్చినావు?"

అన్న తల ఎత్తలేదు. నోరు తెరిచాడు, మళ్లీ మూసుకున్నాడు. మంటపం మెట్లెక్కి నా కూతురి చేతిలో చీర పెట్టి, తల మీద చెయ్యి వేసి, కిందికి దిగాడు. భోజనం చేయకుండా మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయాడని సాయంత్రం మా ఆయన చెప్పాడు. "పోనీ" అన్నాను నేను. ఆ మాట అన్నప్పుడు నాకు కొంచెం తృప్తిగా కూడా అనిపించింది. ఇప్పుడు రాసుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ అనిపించింది.

ఆ తర్వాత వదినకు నేను ఫోను చేయలేదు. ఆమె చేస్తే ఎత్తలేదు. పండగలకు అన్న చేసేవాడు. "బాగుండారా?" అని అడిగేవాడు. "ఉన్నాం" అనేదాన్ని. అంతే. ఇలా ఏడాదిన్నర గడిచింది. ఒక రోజు పొద్దున ఫ్యాక్టరీలో బండలు లారీకి ఎత్తిస్తూ ఉన్నచోటే కూలిపోయాడట. ఆస్పత్రికి తీసుకుపోయేలోపే అయిపోయింది.

మేము కారు మాట్లాడుకొని బేతంచెర్ల చేరేసరికి అన్నను వసారాలో పడుకోబెట్టి ఉన్నారు. చుట్టూ ఆడవాళ్లు. వదిన తల దగ్గర కూర్చుంది. నన్ను చూసి "పాపా" అని చేతులు చాచింది. నేను అన్న కాళ్ల దగ్గర కూర్చున్నాను కానీ ఆమె దగ్గరికి పోలేదు. కాసేపటికి వదిన లేచి ఇంటి వెనక్కి వెళ్లింది. వచ్చి కూర్చుంది. పావుగంట కాలేదు, మళ్లీ లేచింది. మూడోసారి ఆమె లేస్తుంటే నాలో ఏదో తెగింది.

"నేను బతికుండంగా నా గడప తొక్కలేదు. సచ్చినోని కాడన్నా కుదురుగా కూచోలేవా? అంత పనేముండాది నీకు ఎనక?"

అందరూ నా వైపు చూశారు. వదిన ఒక్క క్షణం నిలబడింది. ఆమె ముఖంలో నాకు కోపం కనిపించలేదు, భయం కనిపించింది. తర్వాత గబగబా వెళ్లిపోయింది. తిరిగి వచ్చినప్పుడు చీర కుచ్చిళ్లు తడిగా ఉన్నాయి. శవానికి స్నానం చేయించిన నీళ్లు అనుకున్నాను. పదకొండో రోజు కార్యం అయిన వెంటనే కడప వచ్చేశాను. ఇక ఆ ఇంటితో నాకు పని లేదనుకున్నాను.

మళ్లీ రెండున్నరేళ్ల తర్వాత, నేను రిటైరైన ఎండాకాలంలో, అన్న కొడుకు ఫోను చేశాడు. వాడికి కర్నూలులో ఉద్యోగం. ఊరి పక్కనే కల్లూరులో కొత్త ఇల్లు కొనుక్కొని తల్లిని తన దగ్గరే పెట్టుకున్నాడు.

"అత్తా, అమ్మ ఇంట్లో జారి పడింది. చెయ్యి ఇరిగింది. ఆపరేషను చేసినారు. మా ఆమె కాన్పుకు వాళ్లమ్మోళ్లింటికి పోయిండాది. ఆస్పత్రిలో ఆడమనిషి లేకుంటే కష్టంగా ఉండాది. నువ్వు రాకుంటే ఎట్లత్తా?"

మనసులో మెత్తబడి వెళ్లానని చెప్పుకోలేను. వాడు అంతగా అడిగాడు కాబట్టి, పోకపోతే నలుగురూ ఏమంటారో అని వెళ్లాను.

ఆస్పత్రి గదిలో వదిన సగమైపోయి ఉంది. కుడిచేతికి కట్టు. పెదాలు ఎండి చీలి ఉన్నాయి. నన్ను చూసి ఏడ్చింది, నేను సంచి కింద పెట్టి ఫ్యాను వేగం పెంచాను. పది నిమిషాలకు, "పాపా, ఒంటికి పోవల్ల, పట్టుకుంటావా?" అంది. తీసుకెళ్లాను. అరగంటకు మళ్లీ. మళ్లీ అరగంటకు. వచ్చేది మాత్రం రెండు చుక్కలు. నాలుగోసారి నేను నర్సుతో మాట్లాడుతూ ఉన్నాను. "పాపా, పాపా" అని పిలిచింది. "వస్తున్నా, ఒక్క నిమిషం" అన్నాను. నేను తిరిగేసరికి ఆమె మంచం దిగి నిలబడి ఉంది. కాళ్ల వెంట కారి నేల తడిసింది. ఆమె ఎడమచేత్తో ముఖం కప్పుకుంది.

"ఎవురికీ చెప్పొద్దు పాపా. నీకు దండం పెడతా. వానికి కూడా చెప్పొద్దు."

బట్టలు మార్చి, నేల తుడిచి, తలుపు గడియ వేసి ఆమె పక్కన కూర్చున్నాను. "ఎన్నాళ్ల నుంచి వదినా?"

"పదేండ్లు దాటింది."

"పదేండ్లా? డాక్టరుకు చూపించుకోలేదా?"

"మొదట్ల మా ఊర్లో ఒకాయనకు చెప్తే వేడి అన్నాడు. బార్లీ నీళ్లు తాగమన్నాడు. తాగేకొద్దీ ఇంకా ఎక్కువాయ. ఇంగ అసలు నీళ్లు తాగేదే తగ్గించినా. వచ్చిందంటే ఇంగ ఆగదు పాపా. తలుపు తీసేలోపల అయిపోతాది. ఇది మొగ డాక్టర్లతో చెప్పుకునే మాటనా?"

మా ఎండలు తెలిసినవాళ్లకు నీళ్లు తగ్గించుకోవడమంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. మే నెలలో బేతంచెర్లలో ఆ తెల్ల రాళ్ల మధ్య, రోజుకు మూడు గ్లాసులతో ఆమె బతికింది.

నేను అడగకూడదనుకుంటూనే అడిగాను. "అన్నకు తెలుసా?"

"తెలుసు. ఎవురికీ చెప్పనని నా తల మీద చెయ్యి పెట్టించి ఒట్టేయించుకున్నా." కట్టు చెయ్యి ఒళ్లోకి సర్దుకొని అంది. "నీ బిడ్డ పెండ్లికి మేము ముందురోజే బయల్దేరినాం పాపా. పట్టుచీర కట్టుకున్నా. పొద్దున్నుంచి గుటక నీళ్లు తాగలేదు. నంద్యాలలో బస్సు మారినాం. ఆళ్లగడ్డ ఇంగ పది నిమిషాలుండాదనంగా ఆగలేదు. మీ అన్న బస్సు ఆపమని బతిమాలినాడు. ముందర బస్టాండు ఉండాది గదప్పా, అన్నాడు కండక్టరు. సీట్లోనే అయిపాయ. పట్టుచీర, సీటు, అంతా. పక్కనున్నోళ్లు లేచి నిలబడిరి. మీ అన్న తన టవలు నాకు చుట్టి ఆళ్లగడ్డలో దించుకోని, ఆటోలో మళ్లా ఇంటికి తెచ్చినాడు. నాకు జరమొచ్చింది. నేను బతకనని ఏడిస్తే, నన్ను ఇడిసిపెట్టి యాడికీ పోలేదు. మర్సనాడు పొద్దున నేనే ఒత్తిడి చేసి పంపిచ్చినా."

నేను ఆమె ముఖం చూడలేకపోయాను. పెళ్లి మంటపంలో అన్న నోరు తెరిచి మూసుకోవడం కళ్ల ముందుకు వచ్చింది. ఒక్క మాట చెప్పి ఉంటే నేను ఊరుకునేదాన్ని. ఒట్టు తప్పడం ఇష్టం లేక నా మాటలన్నీ పడ్డాడు.

ఇంకా చెప్పింది. బేతంచెర్ల ఇంట్లో పడకగది నుంచి వెనక మరుగుదొడ్డి దాకా అన్న గరుకు బండలు పరిపించాడట, ఆమె పరుగెత్తేటప్పుడు జారకుండా. ఊరంతటికీ నున్నటి బండలు అమ్మేవాడు ఇంట్లో ముడిరాళ్లు వేసుకున్నాడని ఒకప్పుడు నేనే ఎగతాళి చేశాను. కల్లూరులో కొడుకు ఇంట్లో అద్దంలాంటి టైల్సు. ఆమె పడింది వాటి మీదే.

ఆ రోజు ఇంకో సంగతి కూడా తలకెక్కింది. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను. "టీచర్, ఒంటికి" అని వేలు చూపించిన ఆడపిల్లలను ఎన్నిసార్లు, "బెల్లు కొట్టినాక పో, కూర్చో" అన్నానో! క్రమశిక్షణ అనుకున్నాను.

మరుసటి రోజు నేను వదినకు చెప్పకుండానే, ఎముకల డాక్టరును అడిగి మూత్ర సంబంధ వ్యాధులు చూసే డాక్టరమ్మ దగ్గరికి చీటీ రాయించుకున్నాను. మగ డాక్టరు కాదని తెలిశాకే వదిన కుర్చీలో కూర్చుంది. డాక్టరమ్మ ఎన్నో ప్రశ్నలు అడిగింది. పగలు ఎన్నిసార్లు, రాత్రి ఎన్నిసార్లు, మంట ఉందా, దగ్గితే పడుతుందా, ఆపుకోలేకనే పోతుందా, షుగరుందా, ఇచ్చే మందు పడని నీటికాసుల జబ్బు కళ్లలో ఉందని ఎవరైనా చెప్పారా అని. మూత్ర పరీక్ష, స్కానింగు చేయించింది. ఇన్ఫెక్షన్ లేదు, రాళ్లు లేవు.

"అమ్మా, మూత్రపు సంచి నిండినాక బిగుసుకోవాల్సిన కండరం మీకు నిండకముందే బిగుసుకుంటోంది. ఇదొక జబ్బు. చాలామందికి ఉంటుంది. మీ తప్పేం లేదు. మందుంది" అంది.

వదిన నా వైపు తిరిగి చూసింది. "మందుండాదంట పాపా" అంది, డాక్టరమ్మ తెలుగు నేనేదో మళ్లీ అనువదించి చెప్పాలన్నట్టు.

మూడు రోజులు ఎన్ని నీళ్లు తాగిందీ, ఎన్నిసార్లు పోయిందీ నోటుబుక్కులో రాయమన్నారు. నేనే రాశాను. టీ తగ్గించమన్నారు. నీళ్లు మానొద్దు, కొద్దికొద్దిగా రోజంతా తాగమన్నారు. వచ్చినప్పుడు వెంటనే పరుగెత్తకుండా, కూర్చొని కింది కండరాలు బిగబట్టి, ఐదు నిమిషాలు, తర్వాత పది నిమిషాలు ఆపడం అలవాటు చేసుకోవాలన్నారు. రోజూ ఒక మాత్ర. "పని చేస్తుందో లేదో తెలియడానికి నెల పట్టొచ్చు. మధ్యలో ఆపొద్దు" అని గట్టిగా చెప్పారు.

కోడలు తిరిగి వచ్చేదాకా ఉండమని అన్న కొడుకు అడిగాడు. నేను రెండు నెలలు కల్లూరులో ఉన్నాను. మూడో వారంలో వదిన పక్క నేను దులుపుతుంటే పరుపు కింద మాత్రలు దొరికాయి. వారం రోజులవి.

"ఇదేంది వదినా?"

దొంగతనం చేసి దొరికిన పిల్లలా చూసింది. "నోట్లో ఇసుక పోసినట్టుండాది పాపా. నాలిక అంగిలికి అంటుకుంటాంది. అన్నం దిగల్యా. మోషను రాక నాలుగు దినాలాయ. నువ్వు ఇంత దూరం నా కోసం వచ్చి చేస్తాంటే, పడలేదని ఎట్ల చెప్పల్ల?"

మళ్లీ దాచింది. ఈసారి నా దగ్గర. ఏ బాధైనా చెబితే ఎదుటివాళ్లకు కోపం వస్తుందని ఆమెకు నేర్పించినవాళ్లలో నేనూ ఉన్నాను కదా అనుకున్నాను. ఆ రోజే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె తిట్టలేదు. ఆ రకం మాత్రలు కొందరికి నోరు ఎండబెడతాయి, మలబద్ధకం చేస్తాయి, పెద్ద వయసువాళ్లకు ఒక్కోసారి మతిమరుపుగా కూడా ఉంటుంది, చెప్పడమే మంచిది అంది. వేరే రకం రాసింది. దాంతో బీపీ పెరగొచ్చని, వారం వారం చూపించుకోమంది.

కొత్త మాత్ర మొదలుపెట్టిన ఐదో వారంలో ఒక మధ్యాహ్నం వదిన వంటింట్లో కూర్చొని, ఎడమచేత్తో చిక్కుడుకాయలు ఒలుస్తూ నాతో ఏదో మాట్లాడుతోంది. మాటల మధ్యలో గోడ గడియారం చూసి ఆగిపోయింది. "పాపా, నేను లేచి ఎంతసేపాయ?" రెండు గంటలైంది. ఇద్దరం నోటుబుక్కు తీసి చూసుకున్నాం. నిజమే. వదిన నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే, "మీ అన్న ఉంటే" అంది. ఆ వాక్యం అక్కడే ఆపింది.

పూర్తిగా పోలేదు. ఇప్పటికీ రాత్రి ఒకసారి లేస్తుంది, ఒక్కోసారి ఆపుకోలేదు. దూరం పోయేటప్పుడు లోపల ప్యాడు పెట్టుకుంటుంది. కానీ బస్సెక్కగలదు. ఆ ఏడాది దసరా తర్వాత ఆమె బస్సులో కడపకు, నేను ఇల్లు కట్టుకున్న పదేళ్లకు, మొదటిసారి నా ఇంటికి వచ్చింది. నా కూతురు కూడా బిడ్డను తీసుకొని వచ్చింది. మామ పెళ్లికి ఎందుకు ఆలస్యమయ్యాడో దానికి అంతకు ముందే, వదిన అనుమతి తీసుకొని, చెప్పాను. "ఆ రోజు నువ్వు అరుస్తుంటే నేను విన్నానమ్మా. నీదే న్యాయం అనుకొని, మామ చీరిస్తుంటే సరిగా ముఖం కూడా చూడలేదు" అంది. నా కోపం నా ఒక్కదానితో ఆగలేదని అప్పుడు తెలిసింది.

ఆ సాయంత్రం మేడ మీద వదిన, నేను కూర్చున్నాం. చాలా రోజులుగా అనుకున్న మాట చెప్పాను. "నన్ను క్షమించు వదినా. పెండ్లిలో అన్నవి, అన్న పోయిన రోజు అన్నవి, అన్నీ."

ఆమె నా వైపు తిరిగి కూర్చుంది. తర్వాత అంది. "నన్నన్నవి నేను ఎప్పుడో ఇడ్సిపెట్టినా పాపా. నీకేం తెలుసు పాపం. ఆయన్ను అన్నావు చూడు, అది నాకు పోదు. ఆ దినం ఇంటికొచ్చి, 'పెండ్లి బాగా జరిగింది, పాప నిన్ను అడిగింది' అని నాకు చెప్పినాడు. నువ్వు అన్నవి ఒక్కటీ చెప్పలేదు. మూడు నెల్ల తర్వాత వేరేవాళ్లు చెప్తే తెలిసింది. నేను ఒట్టు పెట్టకుంటే ఆయన పడేవాడు కాదు. మందు ఉండాదని తెలుసుకుందామని నాకూ తోచలేదు. నీదెంతో నాదీ అంతే. నాకు చెప్తే ఏమొస్తాది? ఆయన ఉంటే చెప్పుకునేవాళ్లం."

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆపరేషన్ జరిగిన చెయ్యి, ఇంకా పూర్తిగా ముడుచుకోదు. ఇద్దరం ఏడ్చాం. ఏడిస్తే తేలికవుతుందంటారు, నాకు కాలేదు.

ఇప్పుడు పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఎవరైనా పెద్దావిడ మధ్యలో లేచి వెళ్లిపోతుంటే నేను వెనకాలే పోతాను. మొదట చాలామంది ఏం లేదంటారు. మా వదిన సంగతి చెబితే కొందరు గొంతు తగ్గించి మాట్లాడతారు. ఇద్దరు డాక్టరు దగ్గరికి కూడా వెళ్లారు. మంచి పని చేస్తున్నావని మా ఆయన అంటాడు. అన్న బతికున్నప్పుడు, నా వదిన వెనకాల ఒక్కసారి పోయి, "ఏమైంది?" అని అడిగి ఉండాల్సింది. అన్న పోయిన రోజు నేను అడిగింది మాత్రం, "అంత పనేముండాది నీకు?" అని.